సోమవారం చెస్ట్, శనివారం లెగ్స్: ఆ చార్టు దించేయండి

తెలుగు ఊళ్ళలో జిమ్‌లు నడుపుతున్న యజమానులకు, ఫ్లోర్ ట్రైనర్లకు బహిరంగ లేఖ

నమస్కారం.

మీ జిమ్‌లో అద్దం పక్కన గోడకి ఒక చార్టు ఉంటుంది. సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్, బుధవారం షోల్డర్, గురువారం బైసెప్స్, శుక్రవారం ట్రైసెప్స్, శనివారం లెగ్స్, ఆదివారం సెలవు. ఊరు మారినా ఈ వరుస పెద్దగా మారదు. ఈ లేఖ ఆ చార్టు గురించే.

అది వారంలో ఆరు రోజులూ వచ్చేవాడి కోసం రాసిన చార్టు. ఒకసారి హాజరు పుస్తకం తీసి, ఆరు రోజులూ వచ్చేవాళ్ళు ఎంతమందో, మూడు రోజులు వచ్చేవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టండి. షిఫ్టు ఉద్యోగి, బ్యాంకు క్యాషియర్, కాలేజీ కుర్రాడు, పిల్లల్ని స్కూలుకి పంపి లేడీస్ బ్యాచ్‌కి వచ్చే గృహిణి, వీళ్ళకి కుదిరేది మూడు రోజులు. సోమ, బుధ, శుక్రవారాల్లో వచ్చేవాడు గోడ మీది చార్టునే నమ్ముకుంటే అతనికి దక్కేవి చెస్ట్, షోల్డర్, ట్రైసెప్స్. మూడూ తోసే కండరాలే. ఏడాది ఫీజు కట్టినా వీపుకి, కాళ్ళకి ఒక్క సెట్ (మధ్యలో ఆపకుండా చేసే ఒక విడత) కూడా పడదు. "ఆపిన చోటు నుంచి కొనసాగించు" అని మీరు సర్దిచెప్పినా, ఒక్కో కండరానికి రెండు వారాలకోసారి వంతు వస్తుంది. ఆరు రోజులూ వచ్చేవాడికి కూడా గండం శనివారమే. పెళ్ళికో ఊరికో వెళ్ళి ఒక్క శనివారం మానేస్తే కాళ్ళకి పద్నాలుగు రోజుల విరామం.

మూడు రోజులు వచ్చేవాడికి దారి ఒక్కటే. రెండు పెద్ద కండరాల్ని, కొన్నిసార్లు మూడింటిని, ఒకే రోజు చేయించాలి. ఈ మాట అనగానే ఫ్లోర్ మీద వచ్చే జవాబు మాకు తెలుసు. "పెద్ద మజిల్ రెండు కలిపి కొడితే ఒళ్ళు తట్టుకోదు, ఏదీ పెరగదు." ఆ జవాబులో సగం నిజం ఉంది. ఆ సగం ఎక్కడుందో చూడాలి.

మీరు చేయించే చెస్ట్ రోజు లెక్క వేయండి. ఫ్లాట్ బెంచ్, ఇంక్లైన్, డిక్లైన్, పెక్ డెక్, కేబుల్ ఫ్లై. ఒక్కోటి 4 సెట్ల చొప్పున 20. వీపుకీ ఇంతే. ఈ రెండింటినీ యథాతథంగా ఒకే రోజులో కుక్కితే 40 సెట్లు అవుతాయి. అది నిజంగానే ఎవరి వల్లా కాదు. తప్పు మాత్రం కలపడంలో లేదు, 20లో ఉంది. అయిదో వ్యాయామానికి వచ్చేసరికి బరువు సగానికి పడిపోయి, సభ్యుడు భుజాలు ఎగరేస్తూ ఫ్లై చేస్తుంటాడు. ఆ చివరి సెట్లలో అలసట పెరిగినంతగా ఛాతీ పెరగదు. ఛాతీకి రోజుకి 3 నుంచి 6 మంచి సెట్లు పెట్టి, అదే పనిని వారంలో రెండు మూడు సార్లు చేయిస్తే వారానికి 6 నుంచి 18 సెట్లు అవుతాయి, ప్రతి సెట్టూ తాజాగా ఉంటుంది. కండరాల పెరుగుదల మీద పరిశోధన చేసే అమెరికా శాస్త్రవేత్త బ్రాడ్ షోన్‌ఫెల్డ్, ఆయన సహచరులు కలిసి పాత ప్రయోగాలన్నీ జల్లెడ పట్టి 2016 నుంచి 2019 మధ్య వేసిన సమీక్షల సారమూ దీనికి దగ్గరే. కండరం పెరుగుదలని ప్రధానంగా నడిపేది వారం మొత్తం మీద పడిన సెట్ల సంఖ్య. ఒక్కో కండరానికి వారానికి 10 సెట్లో, అంతకంటే ఎక్కువో పడితే ఫలితం మెరుగ్గా ఉంది. ఆ సెట్లు ఒకే రోజు చేశారా, రెండు రోజులకి పంచారా అన్నది ఆ తర్వాతి సంగతి.

ఇదేమీ కొత్త విద్య కాదు. 1947లో మిస్టర్ అమెరికా, 1950లో మిస్టర్ యూనివర్స్ గెలిచిన స్టీవ్ రీవ్స్ వారానికి మూడు రోజులు, ప్రతిసారీ ఒళ్ళంతా చేసేవాడు. ష్వార్జ్‌నెగర్ ఛాతీని, వీపుని ఒకే రోజు జతగా చేయడానికి పేరుపడ్డవాడు. అంత దూరం ఎందుకు, 2000లో సిడ్నీలో 110 కిలోల స్నాచ్, 130 కిలోల క్లీన్ అండ్ జెర్క్ ఎత్తి కాంస్యం తెచ్చిన మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి ఆటలో తొడలు, వీపు, భుజాలు ఒకే ఎత్తులో కలిసి పనిచేస్తాయి. వెయిట్‌లిఫ్టింగ్‌లో "లెగ్ డే" అని విడిగా పెట్టే వీలే లేదు. పాత తాలింఖానాల్లో పొద్దున్నే దండీలు తీసి వెంటనే బస్కీలు తీసేవాళ్ళు. ఛాతీ, తొడలు ఒకే పూట! దానికి చార్టు కావాలని ఎవరూ అడగలేదు.

అయితే ఏ రెండిటిని కలిపినా ఒకటే అనుకోవద్దు. కలిపినప్పుడు ముందుగా చేతులెత్తేసేది పెద్ద కండరం కాదు. రెండు పెద్ద కండరాలకీ ఉమ్మడిగా పనిచేసే చిన్న భాగం ఒకటి ఉంటుంది. అది అలిసిపోతే పెద్దది బాగానే ఉన్నా పని ఆగుతుంది, లేదా ఫామ్ చెడుతుంది. జత కుదర్చడం అంటే ఆ ఉమ్మడి భాగాన్ని కాపాడుకోవడమే.

లెగ్స్, బ్యాక్ జత తీసుకోండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. స్క్వాట్‌లో రాడ్ భుజాల మీద ఉంటే, మొండెం ముందుకి కూలకుండా పట్టేది నడుము పక్కన వెన్ను పొడుగునా ఉండే కండరాలు. డెడ్‌లిఫ్ట్‌లో అవే ప్రధానం. వంగి చేసే బార్‌బెల్ రోలో వింగ్స్ (వీపు పక్కల కండరాలు) లాగుతుంటే, అంతసేపూ ఒంటిని వంచి నిలబెట్టేవీ అవే. నాలుగేసి సెట్ల చొప్పున ఈ మూడూ ఒకే రోజు పెడితే, చార్టులో లెగ్స్ 4, బ్యాక్ 8 అని కనిపిస్తుంది. నడుముకి మాత్రం 12 పడ్డాయి. దాని ఫలితం ఫ్లోర్ మీద కళ్ళకి కనిపిస్తుంది. స్క్వాట్‌లో కింది నుంచి లేచేటప్పుడు ఛాతీ కదలకుండా పిరుదులు ముందు లేస్తాయి. డెడ్‌లిఫ్ట్‌లో రాడ్ మోకాలి కింది ఎముకని వదిలి ముందుకి జరుగుతుంది, వీపు గూనిలా వంగుతుంది. రోలో ప్రతి రెప్‌కీ (ఒకసారి లాగి దించడానికి) మొండెం కాస్త కాస్త లేస్తూ, చివరికి మోకాళ్ళతో ఎగరేసి లాగడం మొదలవుతుంది. వీటిలో ఏది కనిపించినా ఆ సెట్టు అక్కడితో ఆపించండి. "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని అరిచే సమయం అది కాదు. బెల్టు పెట్టించి లాగించడమూ పరిష్కారం కాదు. బెల్టు పొట్టలో ఒత్తిడి పెంచి వెన్నుకి దన్ను ఇస్తుందే తప్ప, అలిసిన కండరాన్ని తాజాగా మార్చదు.

అందుకని ఒక నియమం పెట్టుకోండి. నడుము మోసే బరువైన వ్యాయామం ఒక సెషన్‌కి ఒక్కటే. స్క్వాట్ ఉన్న రోజు వీపుకి ల్యాట్ పుల్‌డౌన్, ఛాతీని ప్యాడ్‌కి ఆనించి చేసే రో, లేదా పుల్-అప్స్. డెడ్‌లిఫ్ట్ ఉన్న రోజు తొడ ముందు భాగానికి లెగ్ ప్రెస్, లెగ్ ఎక్స్‌టెన్షన్. లెగ్ ప్రెస్ సురక్షితం అని ప్లేట్లు దట్టించి, మోకాళ్ళు ఛాతీకి తగిలేదాకా దించనివ్వకండి. ఒక లోతు దాటాక తుంటి సీటు నుంచి పైకి చుట్టుకుంటుంది, అప్పుడు వంగేది మళ్ళీ నడుమే. తుంటి సీటుకి ఆని ఉన్నంత లోతే ఆ మనిషికి సరైన లోతు.

ఈ జతలో రెండో ఉమ్మడి భాగం పిడికిలి. డెడ్‌లిఫ్ట్, తర్వాత రో, తర్వాత పుల్‌డౌన్ చేస్తే వింగ్స్‌కి అలుపు రాకముందే వేళ్ళు తెరుచుకుంటాయి. చివరి సెట్లకి స్ట్రాప్ వాడితే నామోషీ ఏమీ లేదు. మొదటి సెట్లు ఒట్టి చేత్తో, చివరివి స్ట్రాప్‌తో అంటే పట్టూ పెరుగుతుంది, వీపూ నష్టపోదు.

ఛాతీ, వీపు జత సుఖం. ఒకటి తోసేది, ఒకటి లాగేది. ఒకటి పనిచేస్తుంటే రెండోది సేద తీరుతుంది. సమయం కలిసొచ్చేదీ ఇక్కడే. బెంచ్ ప్రెస్ ఒక సెట్టుకి 40 సెకన్లు, 90 సెకన్లు ఆగి రో 40 సెకన్లు, మళ్ళీ 90 సెకన్ల విరామం. ఒక చుట్టు 260 సెకన్లు. నాలుగు చుట్లకి పదిహేడు నిమిషాల చిల్లర. ఛాతీకి రెండు సెట్ల మధ్య 3 నిమిషాల 40 సెకన్లు దక్కుతాయి. ఇవే 8 సెట్లు విడివిడిగా, మూడేసి నిమిషాల విరామంతో చేయిస్తే 29 నిమిషాలు దాటుతుంది. పన్నెండు నిమిషాలు మిగిలాయి, ఛాతీకి విరామం తగ్గలేదు సరికదా పెరిగింది. సాయంత్రం ఏడింటికి రెండు మెషిన్లు ఒక్కరికే ఎలా ఇస్తామంటారు. ఇవ్వక్కర్లేదు. ఒక ఇంక్లైన్ బెంచి, రెండు జతల డంబెల్స్ చాలు. బెంచిని 30 డిగ్రీలకి పెట్టి వెల్లకిలా డంబెల్ ప్రెస్, అదే బెంచి మీద బోర్లా పడుకుని రో.

ఛాతీ, కాళ్ళ జతలో ఉమ్మడి భాగం దాదాపు లేదు. కొత్తవాళ్ళకి మొదట ఇదే నేర్పండి. ఇక్కడ అడ్డొచ్చేది ఊపిరి ఒక్కటే. పది రెప్స్ స్క్వాట్ చేసినవాడు రొప్పుతూనే బెంచి మీద పడుకుంటే, ఛాతీ సిద్ధంగా ఉన్నా సెట్టు కుంటుపడుతుంది. మూడు నిమిషాలు ఆగమనండి. 2016లోనే వచ్చిన మరో ప్రయోగంలో ఒక నిమిషం విరామం తీసుకున్నవాళ్ళ కంటే మూడు నిమిషాలు తీసుకున్నవాళ్ళకి బలమూ కండా రెండూ ఎక్కువ పెరిగాయి. "గ్యాప్ ఇవ్వకు, పంప్ (కండరంలో రక్తం నిండి ఉబ్బడం) పోతుంది" అనే మాట కర్ల్స్‌కి సరే, స్క్వాట్‌కి మాత్రం పనికిరాదు.

చార్టు దించితే ఆ మేకుకి ఏం తగిలించాలి అని అడుగుతారు. రెండు కాగితాలు తగిలించండి, 'ఏ', 'బి' అని. వచ్చిన రోజు 'ఏ' అయితే తర్వాత వచ్చిన రోజు 'బి'. వారం పేర్లతో పని లేదు. మధ్యలో ఒక రోజు ఖాళీ ఉంటే చాలు.

'ఏ' రోజు స్క్వాట్‌తో మొదలు, 6–8 రెప్స్ 3 సెట్లు. తర్వాత బెంచ్ ప్రెస్ 6–8 రెప్స్, ఛాతీ ఆనించిన రో 8–12 రెప్స్, రెండూ జతగా మూడేసి సెట్లు. చివర లెగ్ కర్ల్ 2, భుజానికి ల్యాటరల్ రైజ్ 2. మొత్తం 13 సెట్లు. 'బి' రోజు రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్ళు కాస్తే వంచి, తుంటి దగ్గర వంగి చేసేది) 8 రెప్స్ 3 సెట్లు. ఇంక్లైన్ డంబెల్ ప్రెస్, ల్యాట్ పుల్‌డౌన్ జతగా మూడేసి సెట్లు. లెగ్ ప్రెస్ 10–12 రెప్స్ 3 సెట్లు. బైసెప్స్ 2, ట్రైసెప్స్ 2. మొత్తం 16. వారానికి మూడు సార్లు వస్తే ఛాతీకి 9, వీపుకి 9, తొడ ముందు భాగానికి 9 సెట్లు పడతాయి. కొత్తవాళ్ళకి ఇది ధారాళం. ఆరు నెలలు నిండినవాళ్ళకి పెద్ద వ్యాయామాల్ని నాలుగేసి సెట్లు చేస్తే లెక్క 12కి చేరుతుంది. వార్మప్‌తో కలిపి గంటా పది నిమిషాల్లో బయటపడొచ్చు. చేతులకి రెండే సెట్లా అని కుర్రాళ్ళు గొడవ పెడతారు. ప్రతి ప్రెస్‌లో ట్రైసెప్స్, ప్రతి రోలో బైసెప్స్ పనిచేస్తూనే ఉన్నాయని చెప్పండి. వినకపోతే ఇంకో రెండు సెట్లు ఇచ్చి పంపండి, కొంప మునిగేదేం లేదు.

వరుస ముఖ్యం. సెషన్‌లో ముందు చేసిన దానికే ఓపిక, బరువు ఎక్కువ దక్కుతాయి. కాళ్ళని చివర పెడితే అవి ఎప్పుడూ మిగులు ఓపికతోనే బతకాలి. అందుకే పై రెండు కాగితాల్లోనూ కింది ఒళ్ళు ముందుంది. ఛాతీ బాగా వెనకబడ్డవాడు 'ఏ' రోజున బెంచ్ ముందుకి తెచ్చుకోవచ్చు. అప్పుడు స్క్వాట్ బరువు కాస్త తగ్గుతుంది, దాన్ని చూసి బెంబేలు పడక్కర్లేదు.

వార్మప్ దగ్గర ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. స్క్వాట్‌కి బాగానే మెట్లెక్కుతారు. పని బరువు (అసలు సెట్లకి వాడేది) 80 కిలోలైతే ఖాళీ రాడ్ 20 కిలోలతో 10, తర్వాత 40తో 5, 60తో 3, 70తో 1, ఆపైన 80. రెండో పెద్ద వ్యాయామానికి మాత్రం "ఒళ్ళు ఎలాగూ వేడెక్కిందిగా" అని నేరుగా పని బరువుకి దిగుతారు. చెమట పట్టింది నిజమే, భుజాలు, మోచేతులు మాత్రం ఇంకా ఆ కదలికలోకి దిగలేదు. బెంచ్ 50 కిలోలైతే ఖాళీ రాడ్ 10, 35తో 5, 45తో 2 చేయించండి. నాలుగు నిమిషాల పని. తెల్లవారి అయిదున్నర బ్యాచ్‌కి ఇంకో జాగ్రత్త కావాలి. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి, బిగుసుకుని ఉంటాయి. లేచిన అరగంటకే డెడ్‌లిఫ్ట్ చేయించకండి. వాళ్ళకి బి రోజున ప్రెస్, పుల్‌డౌన్ ముందు పెట్టి, డెడ్‌లిఫ్ట్ తర్వాతకి జరపండి.

ఎంత గట్టిగా చేయించాలి? స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్‌లలో ఇంకో రెండు రెప్స్ ఓపిక ఉండగానే రాడ్ పెట్టించేయండి. ఇంకొక్క రెప్ కూడా రాని ఫెయిల్యూర్ దాకా వెళ్ళాలన్న సరదా ఉంటే లెగ్ కర్ల్, కేబుల్, ల్యాటరల్ రైజ్ ఉన్నాయి. మొదటి పెద్ద వ్యాయామాన్ని ఫెయిల్యూర్ దాకా లాగితే, రెండో పెద్ద కండరం వాటా కూడా అదే తినేస్తుంది. "రెండు కలిపితే ఏదీ పెరగదు" అన్న మాట చాలావరకు పుట్టింది ఇక్కడే.

ఇప్పుడు కాస్త కటువైన మాట. కొత్తగా చేరినవాడికి మొదటి రోజే వంద స్క్వాట్లు, వరసగా లంజెస్, ఆపైన పుష్-అప్స్ చేయించి, మర్నాడు మెట్లు దిగలేక కుంటుతుంటే నవ్వుకోవడం కొన్ని జిమ్‌లలో ఆనవాయితీ. రెండు పెద్ద కండరాలు కలిసే చోట ఇది ప్రమాదం. అలవాటు లేని కండరం మితిమీరి చితికితే అందులోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలిసి మూత్రపిండాల్ని దెబ్బతీయవచ్చు. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. ఒకటి నుంచి మూడు రోజుల్లో కండరం వాచి రాయిలా అవుతుంది, మూత్రం డికాక్షన్ రంగులోకి మారుతుంది. అలా ఫోన్ చేసినవాడికి "మొదట్లో అంతే, తగ్గిపోతుంది" అని చెప్పకండి, నొప్పి మాత్ర అసలే చెప్పకండి, ఆ మాత్రల్లో చాలావి మూత్రపిండాల మీద ఇంకా భారం వేస్తాయి. వెంటనే ఆసుపత్రికి పంపండి. ఇది రాకుండా చూడటం తేలిక. మొదటి వారం ప్రతి వ్యాయామం రెండే సెట్లు, ఇంకో అయిదారు రెప్స్ చేయగల బరువుతో. రెండో వారం మూడో సెట్టు.

కళ్ళు తిరగడం, వాంతులు కూడా ఘనకార్యం కింద చెప్పుకోవలసినవి కావు. ఖాళీ కడుపుతో రావడం, విరామం చాలకపోవడం, రెప్ మొత్తం ఊపిరి బిగబట్టడం దీనికి మామూలు కారణాలు. బీపీ ఉందా అని చేర్చుకునే ఫారంలోనే అడగండి. ఉన్నవాళ్ళకి ఊపిరి బిగబట్టే బరువులు వద్దు, డాక్టరు సరే అన్నాకే మొదలుపెట్టాలి. మే నెలలో రేకుల కింద మేడమీద నడిచే జిమ్‌లలో సాయంత్రం బ్యాచ్‌కి ఒక్కో వ్యాయామంలో ఒక సెట్టు తగ్గించి, ఉప్పేసిన మజ్జిగ పక్కన పెట్టుకోమనండి.

యజమానులకి విడిగా నాలుగు మాటలు. లక్షలు పోసి కొత్త మెషిన్ తెచ్చేముందు 1.25 కిలోల ప్లేట్లు రెండు జతలు కొనండి. అవి లేని జిమ్‌లో బెంచ్ 40 కిలోలు చేసేవాడి తర్వాతి మెట్టు 45. ఒక్కసారిగా ఎనిమిదో వంతు పెంపు. సగంలో ఇరుక్కుని నెలల తరబడి 40 దగ్గరే ఆగిపోతాడు. 1.25 ఉంటే 42.5కి వెళ్తాడు. స్క్వాట్ ర్యాక్‌కి రాడ్ జారితే ఆపే సేఫ్టీ పిన్నులు అటకమీద ఉంటే దింపి బిగించండి. స్మిత్ మెషిన్ (రాడ్ పట్టాల మీద పైకీ కిందికీ నడిచేది) రాడ్ బరువెంతో దాని మీద రాయించండి, అన్నీ 20 కిలోలు ఉండవు. లేడీస్ బ్యాచ్‌కి 10, 15 కిలోల రాడ్లు పెట్టండి. ఆ బ్యాచ్‌ని ట్రెడ్‌మిల్ వైపు తోలేయడం మానండి, పై రెండు కాగితాలు వాళ్ళకీ అక్షరం మారకుండా సరిపోతాయి, బరువు మాత్రమే తేడా.

ట్రైనర్లకి: ప్రతి సభ్యుడి చేతిలో ఒక చిన్న నోటుబుక్ ఉండేలా చూడండి. తేదీ, 'ఏ' రోజా 'బి' రోజా, బరువు, రెప్స్. మూడు సెట్లలోనూ పై సంఖ్య, అంటే 6–8 అని ఉంటే 8, అందుకున్నాక పై ఒంటికి 2.5, కింది ఒంటికి 5 కిలోలు పెంచండి. వరసగా రెండు సార్లు కిందికి పడితే మూడోసారి పదో వంతు బరువు తగ్గించి మళ్ళీ ఎక్కించండి. "అన్నా, ఈరోజు ఏం కొట్టాలి?" అని అడిగేవాడికి గోడ చూపించే బదులు ఆ నోటుబుక్‌లో పోయిన పేజీ తీసి చూపించండి.

వారానికి రెండు రోజులే కుదిరేవాళ్ళకి 'ఏ' ఒకటి, 'బి' ఒకటి, పెద్ద వ్యాయామాలు నాలుగేసి సెట్లు. నిజంగా ఆరు రోజులూ వచ్చేవాళ్ళు మీ పాత చార్టే ఉంచుకుంటామంటే ఉంచుకోనివ్వండి. కాళ్ళని మాత్రం శనివారం నుంచి తీసి సోమవారానికి మార్చండి. సోమవారం సాయంత్రం బెంచ్ దగ్గర క్యూ కూడా తగ్గుతుంది.

ఇట్లు,
బరువుల శిక్షణలో పనిచేస్తున్న కొందరు కోచ్‌లు